మా టేకు సోఫాకు నప్పే గోడ రంగు

షేడ్ కార్డు చేతికి రాగానే మనందరం చేసే పని ఒకటుంది. మనకు ఇష్టమైన రంగు ఎక్కడుందో వెతుకుతాం. నన్నడిగితే అది ఆఖరున చేయాల్సిన పని. హాల్లో ఇప్పటికే ఏమేం ఉన్నాయి, వాటిలో ఏవి ఇంకో ఇరవై ఏళ్లు అక్కడే ఉంటాయి, వాటి రంగు నిజంగా ఏంటి అన్నది ముందు తేల్చుకోవాలి. గోడకు ఐదారేళ్లకోసారి రంగు వేయిస్తాం. మంచి టేకు సోఫా ఒక తరం దాటి రెండో తరానికి వస్తుంది. అందుకే గోడే సోఫా మాట వినాలని నా గట్టి నమ్మకం. మొన్న దసరా అయిపోయాక మా హాలుకు రంగులు వేయించాం. ఏం చూసి, ఎలా ఎంచుకున్నామో కొంచెం వివరంగానే రాస్తున్నాను. పాత ఫర్నిచర్ ఉన్న ఇంట్లో కొత్త రంగు వేయించాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఆశ.

నేను హన్మకొండ చౌరస్తా దగ్గర మ్యాచింగ్ సెంటర్ నడుపుతాను. జాకెట్ ముక్కలు, ఫాల్స్, లంగాలు, లైనింగులు అమ్ముతాం. పొద్దంతా నా పని రంగుకు రంగు కలపడమే. కస్టమర్ చీర తీసి కౌంటర్ మీద పరిచాక ఆ చీర ఇక మారదు. అల్మరాల నిండా ఉన్న టూ బై టూ జాకెట్ గుడ్డ థాన్లలోంచి దానికి సరిపడేది నేను వెతకాలి. మెరూన్ అడిగారు కదా అని ఏదో ఒక మెరూన్ తీసిస్తే నడవదు. కొన్ని మెరూన్లు ఇటుక వైపు వాలతాయి, కొన్ని వంకాయ వైపు. ఇటుక వైపు వాలిన చీరకు వంకాయ వైపు వాలిన జాకెట్ వేస్తే, విడివిడిగా రెండూ మంచి రంగులే, పక్కపక్కన పెట్టగానే మాత్రం ఒకటి మాసిపోయినట్టు కనిపిస్తుంది. గోడకూ చెక్కకూ మధ్య జరిగేదీ అచ్చం ఇదే.

ముందు మా హాలు సంగతి. ఇల్లు మామయ్య కట్టించారు, ముప్పై ఏళ్లు దాటింది. తూర్పు ముఖం. హాలు 14 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. కింద పాలిష్ పట్టిన తాండూరు బండలు, బూడిద రంగులో కొంచెం నీలం కలిసినట్టుంటాయి. తూర్పున పెద్ద దర్వాజ, పక్కన ఒక కిటికీ. ఉత్తరాన ఇంకో కిటికీ, దాని బయట వేపచెట్టు. దర్వాజ, కిటికీల చౌకట్లన్నీ టేకువే, పైన వార్నిష్ తప్ప ఏ రంగూ వేయలేదు.

సామాన్లలో పెద్దది సోఫా సెట్టు. ముగ్గురు కూర్చునేది ఒకటి, ఒక్కరు కూర్చునేవి రెండు. జన్నారం వైపు నుంచి తెప్పించిన టేకుతో పరకాల వడ్లాయన చేశాడని అత్తమ్మ చెప్తుంది. వీపు ఆనే చోట బెత్తం అల్లిక, కూర్చునే చోట దూది పరుపులు. దానికి ఎదురుగా మూడేళ్ల కింద కొన్న టీవీ యూనిట్, ప్లైవుడ్ మీద ముదురు వాల్‌నట్ రంగు సన్‌మైకా. సోఫా మీది గోడకు ఒక నిర్మల్ పెయింటింగ్, నల్లటి నేల మీద బంగారు రంగు లేడిపిల్లలు. నేల మీద కొత్తవాడ జంపఖానా.

సోఫా చేతి దగ్గర కింద కూర్చుని చూస్తే ఒకే చెక్కలో మూడు రంగులు కనిపిస్తాయి. చేయి ఆనించే చోట ఏళ్ల తరబడి రాసుకుపోయి పాలిష్ లేచిపోయింది, లోపలి టేకు తేనె రంగులో బయటపడింది. చేతి కింది వైపు, వెలుతురు తగలని చోట, వడ్లాయన అప్పుడు పట్టించిన పాలిష్ అలాగే ఉంది. అది ఎరుపు. ఆ రోజుల్లో లక్కను స్పిరిట్‌లో కరిగించి, కొంచెం ఎర్రరంగు కలిపి, గుడ్డ ఉండతో పూత మీద పూత వేసేవాళ్లు, రోజ్‌వుడ్‌లా కనిపించాలని. ఇక కిటికీ వైపున్న పక్కంతా వెలుతురు పడీ పడీ ముదురు గోధుమ రంగుకు తిరిగింది. అప్పుడే కోసిన టేకు బంగారు పసుపులో ఉంటుంది, వెలుతురు తగిలే కొద్దీ ముదురుతుంది. అందుకని టేకు అంటే ఫలానా రంగు అని మనసులో ఒకటి పెట్టుకుని గోడ రంగు ఎంచుకుంటే లెక్క తప్పుతుంది. మీ సోఫా మీద ఇప్పుడున్న పాలిష్ ఏ రంగో అదే మీ సోఫా రంగు.

అది కనిపెట్టడానికి షాపులో చేసే పనే ఇంట్లో చేశాను. ఒక తెల్ల లైనింగు ముక్క తీసి చెక్క మీద పెట్టాను. మీరు తెల్ల కాగితం పెట్టుకోవచ్చు. పక్కన అచ్చమైన తెలుపు ఉంటే కంటికి మిగతా రంగు ఎటు వాలుతోందో వెంటనే తెలిసిపోతుంది. సోఫా ఎరుపు కలిసిన నారింజ వైపు వాలింది. చౌకట్లు పసుపు వైపు. టీవీ యూనిట్ మీది వాల్‌నట్‌లో మాత్రం ఎరుపూ లేదు, పసుపూ లేదు, బూడిద కలిసిన గోధుమ. అంటే ఒకే హాల్లో మూడు చెక్కలు మూడు దిక్కులకు చూస్తున్నాయి. మూడింటినీ ఒకే గోడ రంగుతో మెప్పించాలని చూస్తే చివరికి ఏదీ నప్పదు. ఎక్కువ కాలం ఉండేది, ఎక్కువ చోటు ఆక్రమించేది ఏదో దానికే పెద్దరికం ఇవ్వాలి. మా ఇంట్లో అది సోఫా. టీవీ యూనిట్ పదేళ్లు ఉంటే గొప్ప.

పెయింటర్ అన్న ఇల్లు మాకు మూడు ఇళ్ల అవతలే. పనితనం ఉన్న మనిషి. వచ్చి హాలంతా ఒక చూపు చూసి, "అక్కా, క్రీం ఏద్దాం. ఎలుతురు మంచిగుంటది, అందరిండ్లల్ల అదే నడుస్తుంది" అన్నాడు. మా బిడ్డ ఫోన్లో హైదరాబాదు అపార్ట్‌మెంట్ల ఫొటోలు చూపించి గ్రే కావాలంది. నా మనసులో బూడిద కలిసిన లేత ఆకుపచ్చ ఉంది. మా షాపు భాషలో డల్ పిస్తా. ముగ్గురి మాటా ఉంచి, మూడింటికీ చిన్న శాంపిల్ డబ్బాలు తెప్పించాను.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. శాంపిల్ రంగును పాత గోడ మీద నేరుగా పూసి చూడకండి. మా గోడలకు అంతకు ముందు లేత గులాబీ డిస్టెంపర్ ఉండేది. దాని మధ్యలో ఏ రంగు పూసినా ఆ గులాబీ కంటిని లాగేస్తుంది, గులాబీ పక్కన గ్రే కూడా ఆకుపచ్చగా కనిపిస్తుంది. 1839లోనే మిషెల్ యూజీన్ షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఆయన పారిస్‌లో గోబెలిన్స్ అనే నేత కార్ఖానాలో అద్దకానికి పెద్ద. నల్లనూలు సరైన నలుపు తేలడం లేదని ఫిర్యాదు వస్తే నూలు పరీక్ష చేయించాడు. అద్దకంలో లోపం దొరకలేదు. ఆ నలుపు పక్కన నేసిన నీలం, ఊదా రంగుల వల్లే అది వెలిసినట్టు కనిపిస్తోందని తేల్చాడు. నేను ఈ సంగతి చదివినప్పుడు నిజంగా సంబరపడ్డాను. కౌంటర్ దగ్గర నిలబడి రోజూ చూసేదాన్ని ఎవరో అంత వెనుకటి కాలంలో నిరూపించి పెట్టారు కదా అని.

ఆయన చెప్పినదాన్నిబట్టే రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉన్న రంగులు ఒకదాన్నొకటి పైకి లేపుతాయి. ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ, నారింజకు ఎదురు నీలం. మా సోఫా ఈ రెండింటి మధ్యలో ఉంది కాబట్టి దానికి ఎదురుగా పడేది నీలం కలిసిన ఆకుపచ్చ. అలాగని నెమలికంఠం రంగు తెచ్చి గోడంతా వేస్తే సోఫా మండిపోతుంది, కంటికి టెన్షన్. అదే రంగులో బూడిద కలిపి, తెలుపు కలిపి, గొంతు తగ్గిస్తే చెక్క నిండుగా కనిపిస్తుంది, గోడ వెనక్కి జరుగుతుంది. పట్టుచీరకు కాంట్రాస్ట్ జాకెట్ వేసేటప్పుడు కూడా అంతే, జాకెట్ రంగు ఒక మెట్టు కిందికి ఉండాలి.

మూడు మందపాటి అట్టలు తీసుకున్నాం, ఒక్కోటి రెండడుగుల చదరం. తెల్ల ప్రైమర్ వేసి, చుట్టూ రెండంగుళాల తెలుపు వదిలేసి, మధ్యలో రంగు రెండు కోట్లు పూశాం. ఆ తెల్ల అంచు చాలా ముఖ్యం, అది లేకపోతే పాత గోడ ప్రభావం తప్పదు. ఎండాక అట్టల్ని సోఫా వెనకాల నిలబెట్టాం. గోడ రంగును నేల మీద పరిచి చూడకూడదు, నిలబెట్టే చూడాలి. పడుకోబెట్టిన అట్ట మీద పైనుంచి వెలుతురు ఎక్కువ పడి రంగు ఒక మెట్టు లేతగా కనిపిస్తుంది.

ఇక వెలుతురు. షాపులో ఏ చీరైనా ట్యూబ్‌లైటు కింద ఒకసారి, ఫుట్‌పాత్ మీద ఎండలో ఒకసారి చూపించకుండా ముక్క కొయ్యను. ఇంట్లో అట్టల్ని పొద్దున్నుంచి రాత్రిదాకా అలాగే ఉంచి, పని మధ్యలో వచ్చినప్పుడల్లా చూసేదాన్ని. పొద్దున తూర్పు ఎండ దర్వాజలోంచి నేరుగా బండల మీద పడుతుంది, బండల బూడిద నీలం కొంచెం గోడల అడుగు భాగానికి ఎక్కుతుంది. ఆ వేళలో క్రీం బాగుంది. గ్రే మాత్రం ఊదా వైపు జరిగింది. మధ్యాహ్నం ఉత్తరపు కిటికీలోంచి వేపచెట్టు గుండా వచ్చే వెలుతురు చల్లగా ఉంటుంది. అందులో సోఫా కొంచెం మసకబారింది, మూడు అట్టలూ పరవాలేదు.

అసలు తేడా మధ్యాహ్నం మూడు దాటాక తెలిసింది. మా గల్లీ ఇరుకు. ఎదురింటివాళ్లు నిరుడు ముందుగోడకు మంచి నారింజ రంగు వేయించుకున్నారు. సాయంత్రం ఎండ పడమటి నుంచి ఆ గోడ మీద పడి, అక్కడినుంచి మా దర్వాజలోకి, కిటికీలోకి తిరిగి వస్తుంది. అప్పుడు మా హాలంతా లేత నారింజ వెలుగు. క్రీం అట్ట ఆ వెలుగులో పీచ్ పండు రంగుకు తిరిగింది. దాని ముందు సోఫా ఎక్కడ మొదలవుతుందో, గోడ ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా పోయింది. ఏనాడో ఇష్టపడి చేయించిన చెక్కపని, చేతుల మీది ఆ వంపులు, బెత్తం అల్లిక, అంతా గోడలో కలిసిపోయింది. అది చూసి నాకు నిజంగా బాధేసింది. గ్రే ముందు సోఫా మరీ ఎర్రగా, బరువుగా కనిపించింది. డల్ పిస్తా మాత్రం ఆ నారింజ వెలుగును తనలో కలుపుకుని కాస్త గోధుమ కలిసిన బూడిదలా నిలబడింది. దాని ముందు టేకు విడిగా, స్పష్టంగా కనిపించింది. మీ ఇంటి ఎదుట ఏ రంగు గోడ ఉందో, కిటికీ బయట చెట్టుందో ఖాళీ జాగా ఉందో చూడకుండా రంగు ఖాయం చేయకండి. ఆ వెలుతురు రోజూ మీ హాల్లోకి వస్తుంది.

ఉత్తరపు కిటికీ గురించి ఇంకో సంగతి. చలికాలంలో దానిలోంచి నేరుగా ఎండ రాదు. కానీ వరంగల్ దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. ఆ రోజుల్లో ఆ కిటికీ గడప మీద ఎండ పడుతుంది. ఉత్తరపు గదికి వెచ్చటి రంగే వేయాలని బయటి దేశాలవాళ్లు చెప్పే సలహా మన ఎండలకు పనికిరాదు. ఇక్కడ చల్లటి రంగు కంటికి హాయి.

అత్తమ్మ అట్టల్ని చాలాసేపు చూసింది. పిస్తా అట్ట దగ్గర ఆగి, "గీ పచ్చ రంగేస్తే అర్రంత దవాఖాన లెక్క కొడ్తది బిడ్డా" అంది. ఆ మాటను నేను కొట్టిపారేయలేదు, అందులో నిజం ఉంది. దవాఖానల్లో, పాత ఆఫీసుల్లో గోడ సగం దాకా మెరిసే ఆయిల్ పెయింట్ వేసేవాళ్లు, నీలం ఎక్కువ కలిసిన పచ్చటి ఆకుపచ్చ. కాబట్టి మాకు కావలసిన రంగులో మెరుపు ఉండొద్దు, స్వచ్ఛమైన పచ్చదనం ఉండొద్దు. షేడ్ కార్డులో అదే వరుసలో పక్కకు జరిగి, బూడిద ఎక్కువ, పసుపు కొంచెం ఎక్కువ ఉన్నది తీసుకున్నాం. పసుపు కలవడం వల్ల చౌకట్లకూ అది దగ్గరైంది. ఆ రెండో అట్ట చూసి అత్తమ్మ, "ఇది మంచిగున్నది. ఎండిన గోరింటాకు తీరున్నది" అంది. ఇంట్లో అందరికంటే సోఫాను ఎక్కువ చూసిన మనిషి ఆమె, ఆమెకు నచ్చకుండా వేస్తే ఆ గోడ ముందు నేను హాయిగా కూర్చోలేను.

ఎంత లేత, ఎంత ముదురు అన్నది వేరే లెక్క. రంగు మీద పడిన వెలుతురులో ఎంత తిరిగి వస్తుందో చెప్పే అంకె ఒకటుంది, ఎల్‌ఆర్‌వీ అంటారు. సున్నా అంటే పూర్తి నలుపు, 100 అంటే పూర్తి తెలుపు. కొన్ని కంపెనీలు షేడ్ వివరాల్లో ఇస్తాయి. మా హాల్లోకి వెలుతురు రెండు వైపుల నుంచే, అదీ చెట్టూ ఎదురిల్లూ అడ్డుపడగా. అందుకని 60 దాటినదే చూశాను. 50 కంటే కిందికి పోతే పగలు కూడా లైటు వేసుకోవాల్సి వచ్చేది. 80 దాటితే మళ్లీ తెలుపుకు దగ్గరై, ముదురు సోఫాకూ గోడకూ మధ్య తేడా కొట్టొచ్చినట్టుంటుంది. ఇంకోటి, కార్డు మీద వేలెడంత ముక్కలో చూసిన రంగు నాలుగు గోడలకూ పట్టించాక ఒక మెట్టు ఘాటుగా కనిపిస్తుంది. గోడలు ఒకదాని రంగు ఒకదాని మీద వేసుకుంటాయి కదా. రెండు షేడ్ల మధ్య ఊగిసలాడుతుంటే లేతదే తీసుకోండి.

హైలైట్ గోడ గురించి పెయింటర్ అన్న చాలా చెప్పి చూశాడు. టీవీ వెనకాల టెక్స్చర్, మెరిసే రాగి రంగు. ఫొటోలు బాగానే ఉన్నాయి, ఖాళీ ఇళ్లల్లో. మా హాల్లో ఇప్పటికే అందరూ చూడాల్సిన వస్తువు ఒకటుంది. దానికి పోటీగా ఇంకోటి నిలబెట్టడం నాకిష్టం లేదు. నాలుగు గోడలూ ఒకే రంగు అన్నాను.

చౌకట్లకు ఎనామెల్ వేయనివ్వలేదు. టేకు చౌకట్ల మీద గోధుమరంగు ఆయిల్ పెయింట్ వేయడం మన ఊళ్లలో మామూలైపోయింది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎమరీ కాగితంతో సన్నగా రుద్ది మళ్లీ వార్నిష్ కొట్టించాం. కిటికీ గ్రిల్స్‌కు మాత్రం పాత ఎనామెల్ గీకాల్సి వచ్చింది. ఇంట్లో వేసే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల్లో 90 వంతులకు) మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఎనామెల్ పొరల్లో సీసం ఉండే అవకాశం ఉంది. అందుకే పొడిగా గీకనివ్వకుండా నీళ్లు తడుపుతూ రుద్దమన్నాను, రాలినదంతా గోనెలో ఎత్తి పారేశాం. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఈ జాగ్రత్త తప్పకుండా తీసుకోండి.

పాత డిస్టెంపర్ గీకుడు, పగుళ్లకు లప్పం, రుద్దుడు, ప్రైమర్. ఆ దుమ్ము గురించి చెప్పేదేం లేదు, అందరికీ తెలిసిందే. సోఫాను మాత్రం పాత దుప్పట్లతో చుట్టి, మీద ప్లాస్టిక్ షీటు కప్పి, పక్క అర్రలో పెట్టించాం. లప్పం దుమ్ము బెత్తం అల్లికలోకి పోతే ఎన్నటికీ రాదు.

రంగు లెక్క ఇలా వేసుకున్నాం. నాలుగు గోడల చుట్టుకొలత 64 అడుగులు, ఎత్తు 10, మొత్తం 640 చదరపుటడుగులు. దర్వాజలు, కిటికీలు తీసేస్తే 520 దాకా వస్తుంది. మేం తీసుకున్న ఎమల్షన్ లీటరుకు రెండు కోట్లు కలిపి 130 చదరపుటడుగుల దాకా వస్తుందని పెయింటర్ అన్న అంచనా. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బా ఒకటి తెప్పించాం. షాపులో మిషన్ మీద కలిపేటప్పుడు రెండు డబ్బాలకూ వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు. ఒకే గోడ మధ్యలో డబ్బా మారితే పక్కనుంచి వెలుతురు పడినప్పుడు గీత కనిపిస్తుంది. అందుకని రెండూ ఒక పెద్ద బకెట్లో పోసి కలిపాకే మొదలుపెట్టించాను. థాను మారితే జాకెట్ చేతికీ ఒంటికీ తేడా వచ్చినట్టే ఇదీ.

మాట్ ఫినిష్ తీసుకున్నాం. పాత గోడలు, సుతారి చేతి వంకరలు అక్కడక్కడా ఉన్నాయి. మెరుపున్న రంగు వేస్తే ప్రతి వంకరా బయటపడుతుంది. మాట్ దాచేస్తుంది. మరకలు తుడవడం కొంచెం కష్టం, ఒప్పుకుంటాను, అయినా దవాఖాన మెరుపు రాకుండా ఉండటానికి ఇదే దారి.

మొదటి కోటు పడగానే మా ఆయన కంగారుపడ్డాడు, "ఇంత తెల్లగా ఉందేంటి?" అని. ఎమల్షన్ తడి మీద లేతగా ఉండి ఎండే కొద్దీ ముదురుతుంది. రెండో కోటు పూర్తిగా ఎండాకే దాని రంగు దానికి వస్తుంది. అప్పటిదాకా ఎవరూ ఏ మాటా అనొద్దని ఇంట్లో చెప్పేశాను. సీలింగుకు తెలుపే వేయించాం, కానీ నీలం కొట్టే తెలుపు వద్దని కొంచెం పాలరంగు కలిసినది. గోడలో పసుపు ఛాయ ఉన్నప్పుడు పైన నీలపు తెలుపు వేస్తే గోడ మాసినట్టు అనిపిస్తుంది.

రాత్రి లైట్లు వేశాక ఇంకో సమస్య. మా ఎల్‌ఈడీ ట్యూబులు 6500 కెల్విన్‌వి, నీలపు తెలుపు. కెల్విన్ అంకె తగ్గే కొద్దీ వెలుతురు పసుపు వైపు, పెరిగే కొద్దీ నీలం వైపు పోతుంది. ఆ ట్యూబుల వెలుతురులో గోడ నీలం వైపు జరిగింది, సోఫా చప్పబడింది. 3000 కెల్విన్ పసుపు బల్బు పెట్టి చూస్తే సోఫా బ్రహ్మాండం, గోడ మాత్రం బురదగా తేలింది. 4000 దగ్గర రెండూ కుదిరాయి. డబ్బా మీద ఈ అంకె ఉంటుంది, కొనేటప్పుడు చూసుకోండి. దాంతోపాటు సీఆర్‌ఐ అని, ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే ఇంకో అంకె ఉంటుంది, 90కి దగ్గరగా ఉంటే చెక్కలోని ఎరుపు ఎరుపులా కనిపిస్తుంది. మా షాపులో కూడా ఇప్పుడు అవే పెట్టించాను, ఫుట్‌పాత్ మీదికి పరుగులు తగ్గాయి.

సామాన్లు మళ్లీ లోపలికి తెచ్చిన రోజు అందరికంటే నాకు ఎక్కువ సంతోషమనిపించింది నిర్మల్ పెయింటింగ్ చూసి. పాత గులాబీ గోడ మీద అది నల్లటి చదరంలా మాత్రమే కనిపించేది. ఈ పచ్చని బూడిద మీద ఆ నలుపు తగ్గి, బంగారు గీతలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి, లేడి చెవి అంచు గీతతో సహా. జంపఖానా ఎర్రటి, నీలపు, తెల్లటి చారలది. మన వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నేత మాత్రం కొత్తవాడలో ఎన్నో తరాలుగా ఉన్నదే. దాని చారల్లోని నీలం తీసుకుని సోఫా దిండ్లకు రెండు గలీబులు కుట్టించాను. హాల్లో అదొక్కటే ముదురు చల్లటి రంగు, కొంచెమే ఉంది, అంతే చాలు. పరుపులకు మెరూన్ తీసేసి గోధుమరంగు చేనేత వేశాం. పాత మెరూన్ చెక్కలోని ఎరుపుతో పోటీపడేది. టీవీ యూనిట్ గురించి భయపడ్డాను గానీ, గోడలో బూడిద ఉంది కాబట్టి దానికీ పెద్ద ఇబ్బంది రాలేదు.

మిగిలిన అరలీటరు రంగును చిన్న సీసాలో గాలి పోకుండా మూతపెట్టి, మీద షేడ్ నంబరు, బేస్ పేరు, తేదీ రాసిన చీటీ అంటించి మెట్ల కింద పెట్టాను. మేకులు కొట్టిన చోట, కుర్చీ తగిలిన చోట పూసుకోవడానికి పనికొస్తుంది.

కర్టెన్లు మాత్రం ఇంకా తేలలేదు. పాతవి పరుపుల పాత మెరూన్ రంగువే, తీసేశాను. ముతక కాటన్ కోరా థాన్ ఇంటికి తెచ్చి, రెండు గజాలు తూర్పు కిటికీకి వేలాడదీసి చూస్తున్నాను. పగలంతా బాగానే ఉంది. పొద్దున ఎండ దాని గుండా వచ్చినప్పుడు పక్క గోడ మీద పసుపు పడుతోంది. లోపలి వైపు తెల్ల లైనింగు వేసి కుట్టిస్తే ఆ పసుపు ఆగాలి. ఆదివారం ఒక కర్టెన్ కుట్టించి చూస్తాను, కుదిరితే మిగతావీ అలాగే.